ఆగ్రహం ఉన్నవాళ్ళే అప్లై చేయాలా? ఇంగ్లీషులో ‘ఉత్సాహం’ మాటల్ని విడదీసి వాడుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ట్యూషన్‌కి వచ్చే దారిలో గోడ మీద ఎవరో ఒడియా నోటీసు అంటించారు. అందులో ‘ఆగ్రహీ ప్రార్థీ’ అని ఉంది. ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి కొత్తగా చేరిన కుర్రాడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, క్లాసులోకి వస్తూనే అడిగాడు: “ఏటి మాస్టారూ, ఇక్కడ కోపం ఉన్నోళ్ళకే ఉద్యోగాలిస్తారా?”

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. ఒడియాలో ఆగ్రహం అంటే ఆసక్తి, ఏదైనా చేయాలన్న కోరిక. ఆగ్రహీ ప్రార్థీ అంటే ఆసక్తి ఉన్న అభ్యర్థి. రెండు భాషలూ సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటే. మహేంద్రతనయ నదికి అటువైపు అది కోపం, ఇటువైపు కోరిక.

ఆ రోజు పాఠం పక్కన పెట్టి ఇంగ్లీషులో ఉత్సాహానికి ఉన్న మాటలు మొదలుపెట్టాను. ఎందుకంటే ఒడియా మాట తప్పితే పక్కవాడు నవ్వుతాడు, మనం దిద్దుకుంటాం. ఇంగ్లీషులో ఈగర్ అనాల్సిన చోట యాంక్షస్ అంటే ఎవరూ నవ్వరు. అవతలివాళ్ళు ఇంకేదో అర్థం చేసుకుని ఊరుకుంటారు. మనకి తెలియను కూడా తెలియదు. అప్లికేషన్ రాసేవాళ్ళకీ, ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకీ పనికొస్తుందని ఆ పాఠాన్నే ఇక్కడ కాస్త పెంచి రాస్తున్నాను.

మొదటి మెట్టు: ‘ఉత్సాహం’ అనే మాటని కాసేపు పక్కన పెట్టండి

చాలామంది నోటుబుక్కుల్లో ఇలా ఉంటుంది: ఈగర్ అంటే ఉత్సాహం, కీన్ అంటే ఉత్సాహం, ఎంథూజియాస్టిక్ అంటే చాలా ఉత్సాహం. ఇలా రాసుకున్నవాడికి మూడు మాటలు వచ్చినట్టు కాదు. ఒకే మాటని మూడు స్పెల్లింగులతో రాసుకున్నట్టు.

దానికంటే ముందు మన ఇంట్లో ఏమున్నాయో చూసుకోండి. ఆత్రం, ఆరాటం, ఉబలాటం, తహతహ, మోజు, సరదా, హుషారు, పూనకం. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. భోజనానికి ఆత్రపడే పిల్లాడూ, భోజనం హుషారుగా వడ్డించే పిల్లాడూ వేరువేరు. ఆరాటం అనగానే అందులో కాస్త దిగులు వినిపిస్తుంది. మోజు అంటే కొన్నాళ్ళకి తీరిపోతుందని తెలుస్తుంది. ఉబలాటం మాటలో పెద్దవాళ్ళ చిన్న వెక్కిరింపు ఉంటుంది: “వాడి ఉబలాటం చూడు!” ఇవన్నీ మనకెవరూ నేర్పలేదు, వినీ వినీ వచ్చాయి.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర భాషని సవరలు మాట్లాడుతుంటే విని నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. అంత పని చేసిన ఊళ్ళో ఉంటూ మనం మాటకి మాట బట్టీ పడితే ఏం బాగుంటుంది? మాట ఏ సందర్భంలో, ఎవరి నోట వస్తుందో చూడాలి. అందుకే ఇకపైన ఇంగ్లీషు మాట కనిపించినప్పుడల్లా ‘దీనికి తెలుగేమిటి’ అని కాకుండా ‘ఇది ఆరాటం వైపుందా, హుషారు వైపుందా’ అని అడగండి. సగం పని అక్కడే అయిపోతుంది.

రెండో మెట్టు: పని ఇంకా జరగలేదా, జరుగుతోందా?

దీనికి బరంపురంలో అమ్మవారికి చేసే ఠాకురాణి యాత్ర కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రెండేళ్ళకోసారి వస్తుంది. అక్కడి చేనేత కుటుంబాల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. మా మేనత్త వాళ్ళిల్లూ అక్కడే కాబట్టి చిన్నప్పటినుంచి చూస్తున్నాను. మొక్కు ఉన్నవాళ్ళు వేషాలు కడతారు. పులి వేషమైతే ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు.

మొన్నామధ్య యాత్రకి మేనత్త మనవడు పులి వేషం కడతానన్నాడు. నెల ముందునుంచీ రోజుకోసారి అడిగేవాడు, “తాతా, ఇంకెన్ని రోజులు?” వాడు ఈగర్. యాత్ర ఇంకా రాలేదు, వాడి మనసు మాత్రం ముందే అక్కడికి వెళ్ళి కూర్చుంది. ఈగర్ ఎప్పుడూ ముందుకి చూసే మాట. ఇంకా అందని దాని కోసం మెడ చాచడం. దీని మూలం లాటిన్‌లో ‘పదునైన, ఘాటైన’ అనే అర్థమున్న మాట. ఫ్రెంచిలో అదే మాట పులుపు అనే అర్థంలోకి వెళ్ళింది. వెనిగర్ అనే మాట చివర ఉన్నది అదే. నాలుకని పులుపు లాగినట్టు కోరిక మనసుని లాగుతుందనుకుంటే ఈగర్ గుర్తుండిపోతుంది.

యాత్ర రాత్రి వచ్చింది. ఘటాలు కదిలాయి, డప్పులు మొదలయ్యాయి, వీధి నిండా జనం. రంగు పూయించుకున్న మావాడు ఒకచోట నిలబడలేదు, గెంతుతూనే ఉన్నాడు. ఇప్పుడు వాడు ఎక్సైటెడ్. ఒళ్ళు వేడెక్కి, గుండె వేగం పెరిగి, మాట తడబడే స్థితి అది. పని ముందు కూడా రావచ్చు, జరుగుతుండగా కూడా రావచ్చు. కానీ నిలవదు, పొంగి తగ్గిపోతుంది.

పక్కనే వాళ్ళమ్మ. గుంపులో పిల్లాడు తప్పిపోతాడేమో, ఆ రంగు ఒంటికి పడదేమో, మొక్కు సరిగ్గా తీరుతుందో లేదో. ఆవిడకీ యాత్ర మీద కోరికే, కానీ కోరిక నిండా భయం. ఆవిడ యాంక్షస్.

ఇక మేనత్తకి మరిది వరస ఆయన ఒకరున్నారు. యాత్ర అయిపోయిన ఏడాదికి వెళ్ళినా సరే, కూర్చోబెట్టి ఏ వీధివాళ్ళు ఏ వేషం కట్టారో, పూర్వం ఎలా ఉండేదో కాఫీ చల్లారిపోయేదాకా చెప్తారు. ఎంథూజియాస్టిక్ అంటే ఆయన. ఆయనకి రాబోయే దాని ఆత్రమూ లేదు, గుండె దడా లేదు. ఆ విషయం తల్చుకుంటేనే మొహం వెలుగుతుంది, ఎదుటివాళ్ళకి కూడా కాస్త అంటిస్తారు.

ఒక యాత్ర, ఒక ఇల్లు, నాలుగు మాటలు. ఈ ముగ్గురినీ గుర్తుపెట్టుకుంటే చాలు.

మూడో మెట్టు: అందులో భయం కలిసిందా?

ఇది నా సొంత అనుభవం. డిగ్రీ అయిన కొత్తలో ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఉద్యోగం కావాలని గట్టిగా చెప్పాలనుకుని ‘ఐ యామ్ వెరీ యాంక్షస్ అబౌట్ దిస్ జాబ్’ అన్నాను. ఎదురుగా ఉన్నాయన ఫైలు మూసి, “ఎందుకండీ అంత టెన్షన్? ఈ ఉద్యోగంలో మీకేం భయం?” అన్నారు. నాకు అర్థం కాలేదు. ఉద్యోగమూ రాలేదు. అర్థమయ్యేసరికి రెండేళ్ళు పట్టింది.

యాంక్షస్ పక్కన ‘అబౌట్’ వస్తే దిగులు. ‘యాంక్షస్ టు’ వస్తే దిగులుతో కూడిన ఆత్రం, మన ఆరాటానికి దగ్గర. ‘షి ఈజ్ యాంక్షస్ టు నో ద రిజల్ట్’ అంటే రిజల్టు తెలుసుకోవాలని ఆరాటపడుతోంది, ఏమవుతుందోనన్న భయమూ ఉంది. ఇది సరైన వాడుకే. భయం అసలు లేని చోట మాత్రం వాడకండి. అక్క పెళ్ళికి వెళ్ళడానికి మీరు ఈగర్. పెళ్ళి చేసే నాన్న యాంక్షస్. ఈ మాటకి లాటిన్ మూలం గొంతు బిగించడం, నొక్కడం. పరీక్ష హాల్లో గొంతు తడారిపోయినప్పుడు ఈ మాట గుర్తొస్తే మంచిదే.

నాలుగో మెట్టు: కీన్ పదును పట్టుకోండి

కీన్ నాకు ఇష్టమైన మాట. కత్తి పదునుకీ, చూపు పదునుకీ, తెలివి పదునుకీ ఇదే మాట. కాబట్టి కీన్‌లో ఉన్న ఆసక్తి ఈగర్‌లోలాగా ఎగిరిపడదు. నిలకడగా, సూటిగా ఒక్క వస్తువు మీద ఉంటుంది. ‘హి ఈజ్ కీన్ ఆన్ క్రికెట్’ అంటే వాడికి క్రికెట్ అంటే ఇష్టం, ఏళ్ళ తరబడి ఇష్టం. ‘హి ఈజ్ ఈగర్ టు ప్లే’ అంటే ఇప్పుడు, ఈ సాయంత్రం, బ్యాట్ వాడి చేతికివ్వాలి.

బ్రిటిష్ ఇంగ్లీషులో కీన్ చాలా మామూలు మాట, అమెరికన్లు తక్కువ వాడతారు. బ్రిటిష్ వాళ్ళతో ఫోన్‌లో పనిచేసేవాళ్ళకి ఒక హెచ్చరిక: ‘ఐ యామ్ నాట్ వెరీ కీన్’ అని వాళ్ళంటే ‘కొంచెం ఆసక్తి ఉంది’ అని కాదు. ‘నాకొద్దు’ అని. మన దగ్గర పెళ్ళిసంబంధం ఇష్టం లేనివాళ్ళు “ఆలోచించి చెప్తాం లెండి” అంటారు చూడండి, అదే మర్యాద.

అయిదో మెట్టు: ఎంథూజియాస్టిక్ అంటే ఒకప్పుడు పూనకమే

గ్రీకులో ‘ఎన్’ అంటే లోపల, ‘థియోస్’ అంటే దేవుడు. దేవుడు లోపలికి దిగినవాడి స్థితి ఎంథూజియాజం. అచ్చంగా మన పూనకం. అమ్మవారు ఒంటి మీదికొచ్చిన మనిషిని చూసినవాళ్ళకి ఈ మాట పుట్టుక వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా తమాషా ఏమిటంటే, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఇది తిట్టు. దేవుడు తనతోనే మాట్లాడాడని ఊగిపోయే మతస్థుల్ని పెద్దమనుషులు ఆ పేరుతో ఈసడించుకునేవాళ్ళు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో, దేవుడు తనకు సొంతంగా ఏదో తెలియజేశాడనే వట్టి నమ్మకం అన్న భావంతో దీనికి అర్థం రాశాడు. అదే మాట ఇవాళ ప్రతి రెజ్యూమేలోనూ పొగడ్తగా కూర్చుంది.

వాడుకలో ఇదెలా పనికొస్తుందంటే, ఆ పాత వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఎంథూజియాస్టిక్ అంటే లోపలున్నది బయటికి కనిపించాలి, మాటలో, మొహంలో, చేతల్లో. లోలోపల దాచుకున్న ఆసక్తికి ఈ మాట నప్పదు. మూలన కూర్చుని చప్పుడు చేయకుండా పుస్తకం చదువుకునే అమ్మాయి కీన్ రీడర్ కావచ్చు, ఎంథూజియాస్టిక్ అనాలంటే ఆ పుస్తకం గురించి నలుగురికీ చెప్పాలి. అలాగే దీని ముందు ‘ఓవర్’ చేరిస్తే పొగడ్త పోయి వెక్కిరింపు అవుతుంది. ఆఫీసుల్లో “వాడికి ఓవర్ ఎంథూ” అంటారే, అదీ.

ఆరో మెట్టు: జెలస్, జెలస్

తెలుగులో రాస్తే రెండూ ఒకటే, అదే చిక్కు. ఒకటి జెడ్‌తో మొదలవుతుంది: పట్టుదలతో, దీక్షగా ఒక పని మీద ఉండేవాడు. ఇంకొకటి జే అక్షరంతో మొదలవుతుంది: అసూయపడేవాడు. నిజానికి ఇవి ఒక తల్లి పిల్లలే. రెండిటికీ మూలం ‘జీలోస్’ అనే గ్రీకు మాట. ఒకటి మంచి దారిలో వెళ్ళింది, ఒకటి పక్కింటి గోడ మీంచి తొంగిచూస్తూ ఉండిపోయింది.

ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ ఎ జెలస్ వర్కర్’ అని జే శబ్దంతో అన్నామంటే, “నేను కుళ్ళుబోతు పనివాణ్ణి” అని పరిచయం చేసుకున్నట్టు. మరి జెడ్ ఎలా పలకాలి? మా పిల్లలకి నేను చెప్పే చిట్కా ఇది. ముందు ‘జీతం’ అనండి, తర్వాత ‘జొన్నలు’ అనండి. రెండు ‘జ’లూ ఒకటి కావు. జొన్నలు అనేటప్పుడు నాలుక కొస పళ్ళ వెనక్కి వస్తుంది. ఆ జొన్నల ‘జ’ని పట్టుకుని, నాలుకని పళ్ళకి పూర్తిగా ఆనించకుండా, తుమ్మెద రొదలాగా సాగదీయండి. వచ్చే శబ్దమే జెడ్. ఇంకొకటి: జీల్ అని దీర్ఘం పలుకుతాం కదా అని ‘జీలస్’ అనకూడదు. దీర్ఘం పోయి ‘జెలస్’ అవుతుంది.

ఇంత కష్టపడి నేర్చుకున్నాక చెప్తున్నాను, మీ గురించి మీరు ఈ మాట వాడకండి. జెడ్ జెలస్‌లో కాస్త మొండితనం, కాస్త మతావేశం వినిపిస్తాయి. జెలట్ అనే నామవాచకం మరీను. మొదటి శతాబ్దంలో రోమన్ల మీద తిరగబడిన యూదుల వర్గం పేరు అది, ఇప్పుడు ఛాందసుడనే అర్థంలో వాడతారు. ‘ఓవర్ జెలస్’ అని జెడ్‌తో అంటే హద్దు దాటినవాడు. లైసెన్సు, హెల్మెట్, పొల్యూషన్ కాగితం అన్నీ ఉన్నా ఇంకేదో లేదని బండి ఆపేసే అధికారిని తల్చుకోండి.

ఏడో మెట్టు: మిగతా చిల్లర

ప్యాషనేట్ మూలంలో బాధపడటం, భరించడం అనే అర్థముంది. దాని కోసం కష్టమైనా పడతానన్నంత ఇష్టం ఉన్నప్పుడే వాడాలి. ఎక్సెల్ షీట్ల మీద ప్యాషనేట్ అని రాసినవాణ్ణి నేనైతే నమ్మను. అవిడ్ అంటే తీరని ఆకలి, ఎక్కువగా మనిషిని చెప్పే మాట ముందు కూర్చుంటుంది: అవిడ్ రీడర్, అవిడ్ కలెక్టర్. ఆర్డెంట్ అంటే మండటం. అభిమానికీ, ప్రేమికుడికీ, ఉద్యమంలో ఉన్నవాడికీ వాడతారు. ఫెర్వెంట్ అంటే మరగడం. ప్రార్థనకీ, ఆశకీ సరిపోతుంది, మామూలు మాటల్లో వాడితే నాటకం డైలాగులా ఉంటుంది. ఫ్యాన్ అనే మాట ఫనాటిక్ అనే మాటని కత్తిరించగా వచ్చింది, దాని లాటిన్ మూలానికి అర్థం గుడి. సినిమా హాలు ముందు కటౌట్‌కి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు ఈ సంగతి తెలియకుండానే ఆ మాటని తిరిగి దాని పుట్టింటికి తీసుకెళ్ళారు.

ఇంటరెస్టెడ్ వీటన్నిటిలోకీ చప్పనిది. చప్పగా ఉంది కాబట్టే ఎక్కడ వాడినా ప్రమాదం లేదు. అనుమానం వస్తే దాన్నే వాడండి.

ఎనిమిదో మెట్టు: తోక సరిచూసుకోండి

మాట సరైనదే ఎంచుకుని తోక తప్పుగా తగిలిస్తే శ్రమంతా వృథా. ఈగర్ తర్వాత పని వస్తే ‘టు’, వస్తువు వస్తే ‘ఫర్’: ఈగర్ టు లెర్న్, ఈగర్ ఫర్ న్యూస్. కీన్ తర్వాత పని వస్తే ‘టు’, వస్తువో అలవాటో వస్తే ‘ఆన్’. ఎంథూజియాస్టిక్, ప్యాషనేట్ రెండిటికీ ‘అబౌట్’. ‘ఎంథూజియాస్టిక్ టు జాయిన్’ అని మన వైపు చాలా వింటాను. అక్కడ కావలసింది ఈగర్. ఇంటరెస్టెడ్‌కి ‘ఇన్’.

ఎక్సైటెడ్, ఎక్సైటింగ్ తేడా మాత్రం బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా మళ్ళీ మొదటికే వస్తుంది. మీలో కలిగినది ఎక్సైటెడ్, మీలో కలిగించినది ఎక్సైటింగ్. యాత్ర ఎక్సైటింగ్, పులి వేషం కట్టిన పిల్లాడు ఎక్సైటెడ్. ‘ఐ యామ్ ఇంటరెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అన్నవాడు తానెంత ఆసక్తికరమైన మనిషో చెప్పుకుంటున్నాడు.

ఆఖరిది: ఒక ఉత్తరం మీద పెట్టి చూడటం

కాశీనగరం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకి రాసుకున్న ఉత్తరం చూపించింది. మొదటి వాక్యం ఇది: ‘ఐ యామ్ వెరీ మచ్ ఎక్సైటింగ్ అండ్ యాంక్షస్ టు వర్క్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ హాస్పిటల్ యాజ్ ఐ యామ్ ఎ ప్యాషనేట్, జెలస్ అండ్ ఎంథూజియాస్టిక్ క్యాండిడేట్.’

ఇద్దరం కూర్చున్నాం. ఒక్కో మాట దగ్గర ఆగి, “నీకు నిజంగా ఏమనిపిస్తోంది?” అని అడిగాను. ఎక్సైటింగ్ వెంటనే పోయింది. యాంక్షస్ దగ్గర కాస్త ఆగి, “టెన్షన్ ఉంది గానీ వాళ్ళకెందుకు చెప్పాలి మాస్టారూ?” అంది. అదీ పోయింది. జెలస్ ఏ అక్షరంతో రాసిందో చూసుకుని తనే నాలుక కరుచుకుంది. ప్యాషనేట్ గురించి అడిగితే నవ్వింది. రక్తం శాంపిళ్ళ మీద ప్యాషన్ ఏముంటుందని.

ఎంథూజియాస్టిక్ దగ్గర మాత్రం పట్టు విడవలేదు. “ఒక్కటైనా ఉంచండి మాస్టారూ, మరీ బోసిగా ఉంది.” సరే, అది ఎక్కడ కనిపించిందో చెప్పమన్నాను. ట్రైనింగులో ఉన్నప్పుడు కొత్త మెషీన్ వస్తే డ్యూటీ అయిపోయాక కూడా ఉండి, సీనియర్ పక్కన నిలబడి నేర్చుకుందట. తర్వాతి బ్యాచ్‌కి తనే చూపించిందట. అయితే ఆ సంగతే రాయమన్నాను. విశేషణం అక్కర్లేకుండా పోయింది. దాని కింద ఒక్క వాక్యం చేర్చింది: ‘ఐ యామ్ ఈగర్ టు లెర్న్ ద మెషీన్స్ యూ యూజ్.’

‘టు’ తర్వాత ‘లెర్నింగ్’ అని రాసి, కొట్టేసి, ‘లెర్న్’ అని పైన దిద్దింది. ఫెయిర్ కాపీ రాసేటప్పుడు ఇంకోసారి చూసుకోమని చెప్పి, గుణుపూర్ బండి టైమవుతోందని పంపేశాను.